టెక్సాస్‌లో ఫైరార్మ్ కాదు, న్యూజెర్సీలో హ్యాండ్‌గన్: ఒక హెచ్-1బీ కుటుంబం కేసు

ఈ కేసు కోర్టు దాకా వెళ్లలేదు. వెళ్లకుండా చూడడమే లాయరుగా నా పని. క్లయింట్ అనుమతితోనే రాస్తున్నాను. ఊళ్లు, ఉద్యోగం, కుటుంబం వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. చట్టాన్ని మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను.

క్లయింట్ డాలస్ శివారులో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గుంటూరు వైపు మనిషి. ఆయనది హెచ్-1బీ, భార్యది హెచ్-4. కంపెనీ పెట్టిన గ్రీన్ కార్డు పిటిషన్ (ఐ-140) అప్రూవ్ అయి క్యూలో ఉన్నారు. కంపెనీ న్యూజెర్సీకి బదిలీ చేసింది. సామాన్లు తరలించేవాళ్లు పంపిన ఫారంలో 'మేం తీసుకెళ్లని వస్తువులు' అనే జాబితా ఉంది. గ్యాస్ సిలిండర్లు, పెయింటు, తుపాకులు, తూటాలు. అది చదివి భార్య "మరి ఆ పెట్టె సంగతేంటి?" అని అడిగారట. ఆ సాయంత్రమే నాకు ఫోను వచ్చింది.

"ఏం లేదండీ, యాంటిక్‌లే. పక్కింటి అంకుల్ ఇచ్చారు. పేపర్లు ఏమీ అక్కర్లేదన్నారు. కార్లో వేసుకొచ్చేస్తే చాలు కదా?"

ఆ పెద్దాయన చెప్పింది అబద్ధం కాదు. ఆయన ఇచ్చిన రోజున, ఆ రాష్ట్రంలో, ఆ రెండు వస్తువుల వరకు అది నూటికి నూరుపాళ్లు నిజం. ఇలాంటి కేసుల్లో చిక్కే అది. ఎవరూ అబద్ధం చెప్పరు, కానీ చివరికి కొంప మునుగుతుంది.

పెట్టెలో ఏముంది

నేను మొదట అడిగింది ఫొటోలు. బయటి అందం కనిపించే ఫొటోలు కాదు. ఫ్రేము కింద, బారెల్ పక్కన, పిడి అడుగున ఉన్న ముద్రలు దగ్గర నుంచి తీసినవి. పెట్టెలో రెండు రివాల్వర్లు, ఒక విడి సిలిండర్ (రివాల్వర్‌లో తూటాలు పట్టే, తిరిగే భాగం), .45 కోల్ట్ తూటాల డబ్బా ఒకటి. వీటితోపాటు అటక మీద ఒక గాజు సీసా కూడా ఉందని తర్వాత తెలిసింది. దాని సంగతికి వస్తాను.

మొదటిది కోల్ట్ 1860 ఆర్మీ. అయితే దాన్ని పుట్టించిన రూపంలో కాదు, రిచర్డ్స్ కన్వర్షన్ రూపంలో. దీనికి కాస్త చరిత్ర కావాలి. అమెరికా అంతర్యుద్ధం నాటి రివాల్వర్లలో సిలిండర్ గదుల్లోకి ముందు వైపు నుంచి బ్లాక్ పౌడర్ పోసి, పైన సీసపు గుండు దిగ్గొట్టి, వెనక ఉన్న నిపుల్ మీద పెర్కషన్ క్యాప్ (దెబ్బ తగిలితే మందును అంటించే చిన్న టోపీ) పెట్టేవారు. తూటాను వెనక నుంచి దూర్చాలంటే సిలిండర్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు తొలవాలి. ఆ తొలుపుకు 1855 ఏప్రిల్‌లో రోలిన్ వైట్ పేటెంట్ తీసుకున్నాడు. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ అతనికి తుపాకికి 25 సెంట్ల చొప్పున రాయల్టీ కట్టి ఆ హక్కును తన గుప్పిట్లో పెట్టుకుంది. 1869లో పేటెంట్ గడువు తీరింది. ఆ తర్వాత కోల్ట్ కంపెనీ తన దగ్గర ఉన్న పాత మోడళ్లకే వెనక భాగం కోసి, ఒక ప్లేటు బిగించి, తూటా పేల్చేలా మార్చి అమ్మింది. చార్ల్స్ రిచర్డ్స్ పేరుతో 1871లో వచ్చిన పేటెంట్ ఆ మార్పుకే. 1873లో సింగిల్ యాక్షన్ ఆర్మీ వచ్చాక ఈ అతుకుల తుపాకుల అవసరం తగ్గిపోయింది. అందుకే ఇవాళ వాటికి అంత గిరాకీ.

ఇబ్బందేంటంటే ఇటలీలో ఉబెర్టీ కంపెనీ అచ్చం అదే రిచర్డ్స్ రూపాన్ని ఇప్పటికీ కొత్తగా చేసి అమ్ముతోంది. అది అన్ని విధాలా ఆధునిక తుపాకి. ఫొటోలో దూరం నుంచి రెండూ ఒకటే. అందుకే ముద్రలు అడిగాను. ఫ్రేము, ట్రిగర్ గార్డు, పిడి, బారెల్ నాలుగు చోట్లా సీరియల్ నంబరు ఒకటే. సిలిండర్ చుట్టూ చెక్కిన నౌకాయుద్ధం బొమ్మ అరిగి అరిగి ఒక తెరచాప, కొన్ని గీతలు మిగిలాయి. 1843 మే 16 అన్న తేదీ ఉండాల్సిన చోట నునుపే. ఇటలీలో తుపాకిని పరీక్షించి వేసే ప్రూఫ్ ముద్ర ఎక్కడా లేదు. పాత తుపాకులు చూసే ఒక నిపుణుడికి చూపించి, అసలుదే అని రాతపూర్వకంగా తీసుకున్నాం. ఈ కేసులో పెట్టిన ఖర్చుల్లో అన్నింటికన్నా ఉపయోగపడింది అదే.

రెండోది 1858 రెమింగ్టన్ నమూనా. దీని విషయంలో తల పట్టుకునే పనే లేదు. బారెల్ మీద ఇటలీ కంపెనీ పియెట్టా పేరు, 'బ్లాక్ పౌడర్ ఓన్లీ' అన్న మాట. ఫ్రేము మీద నక్షత్రం కింద పీఎన్ అనే అక్షరాలు. పక్కన చిన్న చతురస్రంలో బీజెడ్. ఇటలీ ప్రూఫ్ హౌసు లెక్కలో బీజెడ్ అంటే 2005. అంటే ఇది రెప్లికా, పాతదానికి కొత్తగా చేసిన నకలు. పెద్దాయన ఇచ్చినప్పుడు క్యాప్ పెట్టే సిలిండరే అందులో ఉంది.

ఇక విడిగా పెట్టెలో కనిపించిన సిలిండర్ ఏదనుకున్నారు? ఆ క్యాప్ సిలిండరే. మరి రెప్లికాలో ఏముంది? క్లయింట్ ఆన్‌లైన్లో కొన్న .45 కోల్ట్ కన్వర్షన్ సిలిండర్. వెనక ప్లేటులో ఆరు ఫైరింగ్ పిన్నులు ఉండే రకం. ఫ్రేముకు ఆకురాయి తగిలించే పని కూడా లేదు, పిన్ను లాగి పాతది తీసి కొత్తది పెట్టడమే. ఎవరూ ఐడీ అడగలేదు, ఫారం నింపమనలేదు. మామూలు పార్సిల్లా గుమ్మం ముందు పెట్టి వెళ్లారు.

1898 గీత

1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్‌లో యాంటిక్ అంటే ఏమిటో నిర్వచనం ఉంది. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన ఏ తుపాకి అయినా యాంటిక్. అది తూటా పేలుస్తుందా, క్యాప్ పేలుస్తుందా అన్నదాంతో పని లేదు. అలాంటి పాత తుపాకికి చేసిన రెప్లికా కూడా యాంటిక్ కావచ్చు. కానీ దానికి షరతు ఉంది. రిమ్‌ఫైర్ (అడుగు అంచున కొడితే పేలే), సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో కొడితే పేలే) తూటాల కోసం డిజైన్ చేసింది గానీ, అలా మార్చింది గానీ కాకూడదు. ఒకవేళ తూటా వాడినా, అది అమెరికాలో తయారీ ఆగిపోయి మామూలు బజారులో దొరకనిదై ఉండాలి. యాంటిక్ అయితే ఫెడరల్ చట్టం దాన్ని అసలు ఫైరార్మ్ అనదు.

దీన్ని పెట్టె మీద పెట్టి చూడండి. 1870ల కోల్ట్ నిజంగా తూటా పేలుస్తుంది, అయినా ఫైరార్మ్ కాదు. 2005 నాటి పియెట్టా బ్లాక్ పౌడర్ సిలిండర్‌తో ఉన్నంతసేపు ఫైరార్మ్ కాదు. అరచేతిలో పట్టే ఆ ఇనుప ముక్క మార్చి .45 కోల్ట్ సిలిండర్ పెట్టిన క్షణంలో అయిపోతుంది. విడిగా ఉన్నప్పుడు ఆ సిలిండర్ ఒట్టి విడిభాగమే. అందుకే అమ్మినవాడు ఏమీ అడగలేదు.

టెక్సాస్ శిక్షాస్మృతి కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. 1899కి ముందు తయారైనది ఫైరార్మ్ కాదు. రెప్లికా అయితే రిమ్‌ఫైర్, సెంటర్‌ఫైర్ తూటా వాడనంత వరకే ఆ మినహాయింపు.

"మళ్లీ పాత సిలిండర్ పెట్టేస్తే యాంటిక్ అయిపోతుందిగా?" అని క్లయింట్ అడిగారు. మంచి వాదనే. కానీ రెండు సిలిండర్లూ, తూటాల డబ్బా ఒకే పెట్టెలో పెట్టుకుని ఆ వాదన మీద గ్రీన్ కార్డును పణంగా పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

వేట లైసెన్సు

ఇక్కడే అసలు టెన్షన్. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఫైరార్మ్ గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. 2022 సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు. తెలిసినవాళ్లకు దానికున్న మినహాయింపు కూడా తెలుసు: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం వర్తించదు.

క్లయింట్‌కు ఆ లైసెన్సు ఉండేది. పెద్దాయనతో కలిసి పావురాల సీజనుకు వెళ్లడానికి తీసుకున్నారు. కన్వర్షన్ సిలిండర్ కొన్నదీ, రేంజికి వెళ్లి కాల్చిందీ ఆ లైసెన్సు చెల్లుబాటులో ఉండగానే. రసీదులు తీయించి తేదీలు పక్కపక్కన పెట్టాను. అంతవరకు బాగానే ఉంది. కానీ టెక్సాస్ వేట లైసెన్సు ఏ నెలలో తీసుకున్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. మళ్లీ తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదని అడిగాను.

"తర్వాత ఒక్క అడవి పందులకే వెళ్లామండీ. వాటికి లైసెన్సు అక్కర్లేదు కదా."

అదీ నిజమే! 2019 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమి మీద, యజమాని ఒప్పుకుంటే, అడవి పందుల వేటకు లైసెన్సు తీసేశారు. పొలాలు తవ్వి పాడుచేస్తున్నాయని రైతుల కోసం చేసిన మార్పు. వేటకు లైసెన్సు అక్కర్లేదు గానీ, హెచ్-1బీ మనిషి తుపాకి పట్టుకోవడానికి ఆ కాగితం కావాలి. రాష్ట్రం దయతలచి తీసేసిన కాగితమే ఫెడరల్ చట్టం ముందు ఈయనకున్న ఏకైక రక్షణ. సెప్టెంబరు 1 నుంచి ఆ రక్షణ లేదు. సిలిండర్ మాత్రం ఫ్రేములోనే ఉంది.

ఇక అటక మీది సీసా. ఆవకాయ సీసా కడిగి ఆరబెట్టి, రేంజిలో పేల్చిన .45 కోల్ట్ ఇత్తడి ఖాళీ కేసులన్నీ (తూటా తొడుగులు) అందులో పోశారు. పిల్లాడు ఆడుకుంటాడని. ఫెడరల్ నిర్వచనంలో అమ్యూనిషన్ అంటే నిండు తూటా ఒక్కటే కాదు. కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, మందు కూడా అందులో ఉన్నాయి. పేలిపోయిన ఖాళీ కేసు మీద ఎవరైనా కేసు పెడతారా అంటే పెట్టకపోవచ్చు. కానీ నేను జాబితా రాసేటప్పుడు ఆ సీసాను కూడా రాశాను. ఇదే కారణంగా అసలు కోల్ట్ విషయంలో ఒక విచిత్రం ఉంది. దాన్ని ఈయన నిక్షేపంగా ఉంచుకోవచ్చు, అందులో పట్టే .44 కోల్ట్ తూటా ఒక్కటి కూడా ఉంచుకోకూడదు.

'నాకు తెలియదు' అన్న జవాబు ఎంతవరకు పనికొస్తుంది? 2019లో రెహైఫ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. నిందితుడి దగ్గర తుపాకి ఉందని అతనికి తెలుసని నిరూపిస్తే సరిపోదు, తాను నిషేధిత వర్గంలో ఉన్నానని కూడా అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలి. రెహైఫ్ ఫ్లోరిడాలో రేంజికి వెళ్లిన విదేశీ విద్యార్థి, చదువు ఆగి స్టేటస్ పోయినవాడు. ఆ తీర్పు అతనికి ఉపయోగపడింది. మా క్లయింట్‌కు ఉపయోగపడేది తక్కువ. తాను హెచ్-1బీ మీద ఉన్నానని హెచ్-1బీ మనిషికి తెలియకపోవడం ఉండదు కదా.

న్యూజెర్సీ నిర్వచనం

న్యూజెర్సీ చట్టంలో కూడా యాంటిక్ ఫైరార్మ్ అనే మాట ఉంది. కానీ ఆ నిర్వచనం రైఫిళ్లకు, షాట్‌గన్లకు మాత్రమే రాశారు. రివాల్వర్ ఎంత పాతదైనా, బ్లాక్ పౌడర్‌దైనా, అక్కడ అది హ్యాండ్‌గన్. కొనాలంటే ఒక్కోదానికి పర్మిట్ కావాలి. వెంట తీసుకెళ్లే పర్మిట్ (అది వేరే) లేకుండా దగ్గర పెట్టుకుని తిరిగితే రెండో డిగ్రీ నేరం, 5 నుంచి 10 ఏళ్లు, అందులో కనీసం మూడున్నర ఏళ్లు పెరోల్ లేకుండా. కంబర్లాండ్ కౌంటీలో 72 ఏళ్ల రిటైర్డ్ టీచరు కారు గ్లోవ్‌బాక్సులో 18వ శతాబ్దపు చెకుముకి పిస్టల్ ఉందని అరెస్టయ్యాడు. దేశమంతా గోల అయ్యాక 2015 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ కేసు ఎత్తేశారు.

పౌరుడికైతే ఆ గోలతో సరిపోయింది. వీసా మీదున్నవాడికి కథ ఇంకో మలుపు తిరుగుతుంది. తుపాకి నేరంలో శిక్ష పడితే విదేశీయుణ్ని దేశం నుంచి పంపించవచ్చు. కానీ ఇమిగ్రేషన్ చట్టం ఫైరార్మ్ అన్న మాటకు ఫెడరల్ నిర్వచనాన్నే అరువు తెచ్చుకుంది, అందులో యాంటిక్ లేదు. అంటే న్యూజెర్సీలో యాంటిక్ రివాల్వర్‌కు శిక్ష పడినా, డిపోర్టేషన్ దగ్గర 'అది మీ లెక్కలో తుపాకే కాదు' అని వాదించే చోటు ఉంది. 2013లో మాంక్రీఫ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ప్రస్తావిస్తూ, ఆ రాష్ట్రం నిజంగానే యాంటిక్‌ల మీద కేసులు పెడుతుందని చూపించాలంది. ఆ టీచరు కేసు లాంటివి లాయర్లు ఫైళ్లలో దాచుకునేది అందుకే. కన్వర్షన్ సిలిండర్ ఉన్న రెప్లికాకు మాత్రం ఈ వాదన దరిదాపుల్లోకి కూడా రాదు.

"మూవింగ్‌లో తీసుకెళ్లొచ్చని ఎక్కడో చదివానండీ" అన్నారు క్లయింట్. సరిగ్గానే చదివారు. ఇల్లు మారేటప్పుడు ఖాళీ తుపాకిని పెట్టెలో బిగించి, డిక్కీలో పెట్టి నేరుగా తీసుకెళ్లడానికి న్యూజెర్సీలో మినహాయింపు ఉంది. కానీ 2022 నుంచి కొత్తగా వచ్చినవాళ్లు 60 రోజుల్లో ఫైరార్మ్స్ ఐడీ కార్డుకు దరఖాస్తు పెట్టి, బయటి నుంచి తెచ్చిన హ్యాండ్‌గన్‌ను రిజిస్టర్ చేయాలి. ఆ దరఖాస్తు ఫెడరల్ తనిఖీ గుండా వెళ్తుంది. అక్కడ చూసేది మనిషి స్టేటస్‌ను, తుపాకి వయసును కాదు. హెచ్-1బీ అనగానే ఆగిపోయే అవకాశమే ఎక్కువ. అప్పుడు ఫెడరల్ చట్టం ఉంచుకోవచ్చన్న కోల్ట్‌ను, ఫెడరల్ తనిఖీ కారణంగా న్యూజెర్సీలో ఉంచుకోలేకపోతాడు.

దారి సంగతీ చూశాను. రాష్ట్రాల మీదుగా తుపాకి తీసుకెళ్లేవారికి 1986 చట్టం ఇచ్చిన ఫెడరల్ రక్షణ 'ఫైరార్మ్'కు రాసినది. ఫైరార్మ్ కాని యాంటిక్‌కు అది వర్తిస్తుందా? అక్షరం పట్టుకుని చదివితే వర్తించదనే అనిపిస్తుంది. పెన్సిల్వేనియా యాంటిక్‌లను వదిలేస్తుంది, కానీ దాచి మోసుకెళ్తే వదలదు. పొరపాటున న్యూయార్క్ వైపు తిరిగితే అక్కడ ఇంకో లెక్క. గుండు పెట్టని క్యాప్ రివాల్వర్ యాంటిక్. తూటా రివాల్వరైతే ఆ తూటా బజారులో దొరకనిదై ఉండాలి. పాత రెమింగ్టన్ కన్వర్షన్లు వాడిన .46 రిమ్‌ఫైర్ ఇవాళ బజారులో లేదు. .44 కోల్ట్‌ను మాత్రం కౌబాయ్ షూటింగ్ వాళ్ల కోసం మళ్లీ చేసి అమ్ముతున్నారు. ఆ సరదా కోసం ఎవరో తూటా తయారు చేస్తే, న్యూయార్క్‌లో 150 ఏళ్ల కోల్ట్ యాంటిక్ హోదా పోతుంది. దీంట్లో న్యాయం ఏముందో నన్నడగకండి.

ఏం చేశాం

ముందు టెక్సాస్‌లో ప్రాక్టీసు చేసే ఒక లాయరును కలుపుకున్నాను. నేను న్యూజెర్సీ చట్టం చెప్పగలను, అక్కడి వ్యవహారం అక్కడి వాళ్లే చూడాలి. ఒక స్నేహితుడు క్లయింట్‌కు సలహా ఇచ్చాడట, 'ఏ లేక్‌లోనో పడేయ్, పీడా పోతుంది' అని. వద్దని గట్టిగా చెప్పాం. రేంజిలో దిగిన ఫొటోలు వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. కొత్తవి పెట్టొద్దు, పాతవి డిలీట్ చేయొద్దు అన్నాం. దాచిపెట్టినట్టు కనిపించే పని ఏది చేసినా, చిన్న తప్పు కాస్తా పెద్దదవుతుంది.

కొత్త వేట లైసెన్సు కొనేస్తే? ఆ రోజు నుంచి ముందుకు పనికొస్తుంది, గడిచిన నెలలను మాఫీ చేయదు. పైగా న్యూజెర్సీకి వెళ్తున్న మనిషికి ఆ రెప్లికాతో ఇక పనేముంది? అందుకని లాయరు సమక్షంలో రెప్లికా, కన్వర్షన్ సిలిండర్, తూటాల డబ్బా, సీసాలోని కేసులు అన్నీ పెద్దాయనకే తిరిగి ఇచ్చేశారు. ఇద్దరూ టెక్సాస్ వాసులే, ఆయన అమెరికన్ పౌరుడు. సీరియల్ నంబరు, తేదీ రాసి ఇద్దరూ సంతకాలు చేశారు. పెద్దాయన బాగా నొచ్చుకున్నారట, 'నేనిచ్చింది ఇలా అవుతుందనుకోలేదు' అని. ఆయన ఇచ్చిన రోజున అది యాంటిక్. ఆయన మీద ఏ మరకా లేదని టెక్సాస్ లాయరు ఆయనకు విడిగా చెప్పారు.

కోల్ట్‌ను నాన్నగారికి పంపిస్తానని క్లయింట్ ఒక దశలో అన్నారు. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం పాత ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది. కానీ అది రిపేరు చేసినా, చేయకపోయినా తుపాకిగా పనిచేయనిదై ఉండాలి. ఈ కోల్ట్ శుభ్రంగా పనిచేస్తుంది. లైసెన్సు లేకుండా శంషాబాద్‌లో దిగితే ఏమవుతుందో వివరించాల్సిన పని పడలేదు. "వద్దులెండి" అని ఆయనే అనేశారు.

అది ఇప్పుడు ప్లేనోలో, గ్రీన్ కార్డు ఉన్న బావగారి ఇంట్లో, లాకరులో ఉంది. నిపుణుడి లేఖ ఒక కాపీ దాంతోపాటే పెట్టాం. బావగారికి ఒకటే నియమం చెప్పాం: సరదాకు కూడా ఆ ఇంట్లోకి .44 కోల్ట్ తూటాలు కొనొద్దు. ఈయన సెలవులకు వెళ్లి దాన్ని చేత్తో పట్టుకోవచ్చు, పక్కన తూటా ఉంటేనే తంటా. గ్రీన్ కార్డు వచ్చాక న్యూజెర్సీలో ముందు ఐడీ కార్డు, తర్వాత హ్యాండ్‌గన్ పర్మిట్, ఆ తర్వాతే తుపాకి రాష్ట్రం దాటాలి.

మిగిలింది ఆ నెలల సంగతి. గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485లో, అరెస్టు కాకపోయినా ఎప్పుడైనా నేరం చేశారా అన్న ప్రశ్న ఉంది. దానికి ఏం రాయాలన్నది ఫారం నింపే రోజున హడావుడిగా తేల్చే విషయం కాదు. వేట లైసెన్సు, సిలిండర్ రసీదు, పెద్దాయనతో చేసిన కాగితం, తేదీల వరుస అన్నీ కలిపి ఒక మెమో రాసి ఇమిగ్రేషన్ లాయరుకు ఇచ్చాను. ప్రయారిటీ డేట్ కరెంట్ కావడానికి, అంటే క్యూలో వంతు రావడానికి, ఇంకా ఏళ్లు పట్టేలా ఉంది. ఆ ఫైలు ఇంకా తెరిచే ఉంది.